అర చెంచా ఉప్పు

మా వంటింట్లో ఇంగువ డబ్బాలో ఒక పాత స్టీలు చెంచా ఉంటుంది. కాడ మీద గీతలు, అంచు ఒక పక్కకి కాస్త వంగింది. దాన్ని ఎవరైనా ఎంగిలి గిన్నెలతో కలిపి సింకులో పడేస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. నా స్టెతస్కోపు ఏ బీరువాలో ఉందో అడిగితే చెప్పలేను గానీ, ఆ చెంచా ఎక్కడుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మొన్న వనస్థలిపురం రైతుబజారులో బెండకాయలు ఏరుతూ ధర అడుగుతుంటే, పక్కనున్నావిడ ఆగి నా వైపు తిరిగింది. "మీరు టీవీలో వచ్చే ఉప్పు డాక్టరమ్మ కదండీ?" అంది. నేను టీవీ వదిలేసి పదేళ్లు దాటింది. జుట్టు తెల్లబడింది, కళ్లద్దాలు మారాయి. మొహం చూసి కాదు, గొంతు విని పోల్చుకుంది. ఉప్పు డాక్టరమ్మ అన్న పేరు వెనక ఉన్న సంగతి ఆవిడకి తెలియదు. ఇంటికొచ్చి చెంచా చూసుకున్నాక, రాయాలనిపించింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. 1979లో గుంటూరు మెడికల్ కాలేజీలో చేరినప్పుడు మొదటి ఆరు నెలలూ అనాటమీ పుస్తకం ముందేసుకుని ఏడ్చినదాన్ని. ఆ తర్వాత ఇంగ్లీషు ఎంత బాగా పట్టుబడిందంటే, హౌస్ సర్జన్సీకి వచ్చేసరికి నా తెలుగు కాస్తా ఎగిరిపోయింది. పిల్లల వార్డులో ఎండాకాలం డ్యూటీ అంటే వాంతులు, విరేచనాలు, సెలైన్ బాటిళ్లు. ఒక మంచం మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు. తల్లులు బిడ్డని చేతుల్లో పెట్టి "మాడు గుంట పడిందమ్మా, చూడమ్మా" అనేవాళ్లు. నేను అది విన్నట్టే విని, చర్మం చిటికెతో పట్టి చూసి, కేసు షీటులో డిప్రెస్డ్ ఫాంటనెల్ అని రాసుకునేదాన్ని. ఆ తల్లి చెప్పిందీ నేను రాసిందీ ఒకటేనని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోయిందని అక్షరం రానమ్మ నాకంటే ముందే కనిపెట్టేది. కాకపోతే తర్వాత చేసే పని తలకిందులు. నీళ్లు పడితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని గుక్కెడు నీళ్లు కూడా ఆపేసేవాళ్లు.

మా ప్రొఫెసరు గారు రౌండ్స్‌లో ఒక కథ చెప్పేవారు. కథ కాదు, నిజమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరం, బెంగాల్లో బన్‌గావ్ అనే ఊరు. కలరా. సెలైన్ నిండుకుంది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా లెక్క ప్రకారం నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో నింపి, గ్లాసులతో తాగించమని రోగుల బంధువులకే అప్పజెప్పాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. పేగుల్లో చక్కెర ఒంటరిగా లోపలికి పోదు, ఉప్పుని చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది, ఆ రెండింటి వెనకాలే నీళ్లు పోతాయి. అంతే దాని మర్మం. ఇంత తేలికైన సంగతి మీ దగ్గరికొచ్చే చదువుకోని తల్లికి చెప్పలేకపోతే మీ పట్టా ఎందుకర్రా అనేవారాయన. మేం నవ్వేవాళ్లం.

పిల్లల వైద్యంలో డిప్లొమా డీసీహెచ్ చేసి, పెళ్లయి హైదరాబాద్ వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. 90లలో ఒకటి రెండుసార్లు రామంతాపూర్ దూరదర్శన్ స్టూడియోకి గెస్టుగా వెళ్లాను, తల్లిపాల గురించీ పల్స్ పోలియో గురించీ. పట్టుచీర కట్టుకెళ్తే లైట్ల కింద మెరుస్తోందని మేకప్ గదిలో వేరే చీర ఇచ్చారు. అప్పుడు టీవీతో నా సంబంధం అంతే. 2004 ప్రాంతంలో ఇరవై నాలుగ్గంటల వార్తా చానళ్లు మొదలయ్యాక, వాటిలో ఒకరు పూర్తికాలం ఆరోగ్య విలేకరిగా వస్తారా అని అడిగారు. క్లినిక్ మూసేసి వెళ్తానంటే మా నాన్నగారు నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "చెయ్యి చూసి మందిచ్చేదానివి, మైకు పట్టుకుంటావా?" అని ఒక్క మాటే అన్నారు. సీనియర్ డాక్టర్లు కొందరు మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల మాట ఎత్తారు, డాక్టరు తన గురించి తను ప్రచారం చేసుకోకూడదు కదా అని. సొంత క్లినిక్కే లేనిదానికి ప్రచారమేమిటని నేను.

డెస్కులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. నా మొదటి స్క్రిప్టు ఆయన బల్ల మీదకే వెళ్లింది. అందులో "అతిసార వ్యాధిగ్రస్తులు" అని రాశాను. తెలుగులో రాశానని నాకు గర్వంగా కూడా ఉంది. ఆయన పెన్ను కింద పెట్టి, "డాక్టరు గారూ, మీ ఇంట్లో అమ్మగారు దీన్ని ఏమంటారండీ?" అని అడిగారు.

"విరేచనాలంటుంది."

"మరి అమ్మగారికి చెప్పినట్టే చెప్పండి."

ఆ రోజు నుంచి ఒక నోటు పుస్తకం పెట్టాను. లైవ్‌లో ఫోన్ చేసేవాళ్లు ఏ మాట అంటే అది రాసుకునేదాన్ని. గవదబిళ్లలు, కోరింత దగ్గు, ధనుర్వాతం, సర్పి, వరిబీజం, మూలశంక, తెల్లబట్ట, పాలుబ్బసం. ఆస్పత్రిలో ఇన్నేళ్లూ నా చెవిన పడుతూనే ఉన్న మాటలు, నేనెప్పుడూ పట్టించుకోనివి. గుంటూరు వైపు జలుబు, పడిశం అంటే, వరంగల్ నుంచి సర్ది అయ్యిందంటారు. మాత్ర ఒకచోట బిళ్ల, ఇంకోచోట గోలీ. ఇంజెక్షన్ సూది. ఆస్పత్రి దవాఖాన. "నరాల బలహీనత" అని మగవాళ్లు గొంతు తగ్గించి అడిగితే అది నరాల సంగతి కాదని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ప్రసారం నడిపే కంట్రోల్ రూములో కుర్రాళ్లందరూ పగలబడి నవ్వుతుంటే ఇయర్‌పీస్‌లో వినబడి అప్పుడు అర్థమైంది. "నాకు కాదు మేడమ్, మా ఫ్రెండుకి" అని మొదలయ్యే ఫోన్లయితే లెక్కే లేదు. ఆ స్నేహితుడికి ఎన్నేళ్లు, ఎత్తెంత, బరువెంత అంటే టక్కున చెప్పేసేవాళ్లు.

ఇక చెంచా సంగతి. 2005 వేసవి. ఎండలు, కలుషిత నీళ్లు, విరేచనాలు. నాకు చేతనైన విషయం కాబట్టి ఉత్సాహంగా ప్యాకేజీ, అంటే ఒక టీవీ కథనం, చేశాను. బన్‌గావ్ కథ కూడా చెప్పాను. చివర్లో గ్రాఫిక్ వేయించాను: లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు దొరక్కపోతే ఇంట్లో ఇది చేసుకోండి అని. మంచి పేరొచ్చింది. మళ్లీ మళ్లీ వేశారు.

వారం తిరక్కుండా లైవ్‌లో ఒక ఫోను. ఊరు నల్గొండ వైపు. వయసు మీరిన గొంతు.

"బిడ్డా, నువ్వు టీవీల చెప్పినట్టే జేసిన. అర చెంచ ఉప్పే ఏసిన. పోరడు నీళ్లు నీళ్లు అని ఒక్కటే ఏడుపు, ఒళ్లంత కాలిపోయింది. పెద్ద దవాఖానకు ఉరికినం."

నా నోట్లో తడి ఆరిపోయింది. బాబు ఎలా ఉన్నాడమ్మా అని అడిగాను. ఇంటికొచ్చిండు, మంచిగనే ఉండు అంది. ఏ చెంచాతో వేశావమ్మా అన్నాను.

"కూర ఏసుకునేది. మా ఇంట్ల ఇంకో చెంచ ఏడిది బిడ్డా?"

ప్రొడ్యూసర్ బ్రేకు తీసుకున్నాడు. నేను బాత్రూములోకెళ్లి తలుపేసుకున్నాను. ఆమె నన్ను తిట్టడానికి చెయ్యలేదు, అదే నాకు ఎక్కువ బాధ. నువ్వు చెప్పినట్టే చేశాను, మరి ఎందుకిట్లయింది అని అడగడానికి చేసింది. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి పిల్లలకి ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకి కూడా రావచ్చు. చదువుకున్నదాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఓఆర్ఎస్‌లో ఉప్పూ గ్లూకోజూ పాళ్లు తగ్గించిందని కూడా అదే ప్యాకేజీలో చెప్పాను. అంతా చెప్పి, ఏ చెంచానో చెప్పలేదు. టీస్పూను అని నా బుర్రలో ఉంది, చెంచా అని నోట్లోంచి వచ్చింది. క్లినిక్‌లో అయితే ఆ పొరపాటు ఒక్క ఇంటితో పోయేది. ఇది ఎన్ని ఇళ్లకి వెళ్లిందో, అందరి దగ్గరా ఫోను ఉండదు కదా.

మర్నాడు పొద్దున్నే ఇంట్లోంచి ఈ స్టీలు చెంచా పట్టుకెళ్లాను. కెమెరా ముందు పెట్టి, ఇది కాఫీలో పంచదార కలుపుకునే చిన్న చెంచా, దీంతోనే అన్నాను. గోపురంలా పోయకుండా వేలితో తలగొట్టి చూపించాను. చెంచా లేని ఇల్లుంటే? దానికీ ఒక కొండగుర్తు ఉంది, పాత పుస్తకాల్లోదే: కలిపాక ముందు మీరు నాలిక మీద వేసుకుని చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఆ ఎపిసోడ్ ఆ వేసవంతా తిరిగింది. ఉప్పు డాక్టరమ్మ పేరు అప్పుడొచ్చింది. ఆ తర్వాత ఏ కొలత చెప్పాల్సి వచ్చినా వస్తువు చేత్తో పట్టుకుని చూపించకుండా ఒక్కసారి కూడా చెప్పలేదు. సిరప్పు మూత, దోమతెర, థర్మామీటరు. స్టూడియో టేబులు కిరాణా కొట్టులా ఉందని యాంకరు పిల్ల గొణిగేది.

మాటతో వచ్చిన చిక్కు మరుసటి ఏడాది ఇంకో రూపంలో ఎదురైంది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చింది. ఇక్కడ కోడిమాంసం కొనే నాథుడు లేడు. ముప్పై ఏళ్లకు పైగా మన దేశంలో జాడ లేకుండా ఉన్న చికున్‌గున్యా కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే రాయలసీమ మీద పడి, రాష్ట్రమంతా పాకింది. పేరులో చికున్ ఉంది. ఇంకేముంది! "మేం కోడి ముట్టి రెండు నెలలైంది మేడమ్, మాకెందుకొచ్చింది?" అని అనంతపురం నుంచి ఒకాయన నిలదీశాడు. అది కోడి కాదండీ, టాంజానియాలో మకొండె అనే భాషలో ఒంగిపోవడం అని అర్థం, 1952లో అక్కడే మొదట గుర్తించారు, కీళ్లు పట్టేసి మనిషి ఒంగిపోతాడు కాబట్టి ఆ పేరు అని వివరించాను. ఆయన కాసేపు ఆగి, "అయితే కరెక్టే మేడమ్, నేను ఒంగే ఉన్నా" అన్నాడు. స్టూడియోలో అందరం నవ్వేశాం, ఆయనా నవ్వాడు.

నవ్వు సరే గానీ అది దోమకాటుతో వచ్చే జబ్బన్న అసలు సంగతి జనానికి ఎక్కడం కష్టమయింది. దోమ అనగానే రాత్రి, మురిక్కాలవ అనుకుంటారు. ఇది పగలు కుట్టే దోమ, శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, మూతలేని డ్రమ్ములు. మా కెమెరామన్ ఒక ఇంటి డ్రమ్ములో నీటి పురుగులు గిలగిల్లాడుతుంటే దగ్గరగా తీశాడు. ఆ ఒక్క షాటు నా నలభై వాక్యాల పని చేసింది. మలేరియాకి దోమే కారణమని 1897లో రోనాల్డ్ రాస్ రుజువు చేసింది ఈ సికింద్రాబాద్‌లోనే. నూరేళ్లు దాటినా మనం ఇంకా డ్రమ్ముకి మూత దగ్గరే ఉన్నాం అని నాకు కోపం వచ్చేది. కోపం తెర మీద కనిపించకూడదు, అదొకటి.

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలానికి ఫ్లోరోసిస్ మీద షూటింగుకి వెళ్లాం. అక్కడ ఎవరూ ఫ్లోరైడ్ అనరు, ఫ్లోరిన్ నీళ్లు అంటారు. నేనూ ఆ రోజు నుంచి ఫ్లోరిన్ అనే అన్నాను, డెస్కులో దిద్దబోతే ఒప్పుకోలేదు. మన దేశంలో ఈ జబ్బుని 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద మచ్చలు, తర్వాత ఎముకలు బిగుసుకుపోవడం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఆ నీళ్లని శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అని పేరు. నల్గొండలో మాత్రం నేను వెళ్లిన ఇంట్లో బోరు నీళ్లే కుండలో ఉన్నాయి. నడుం నిలబడని ఒక పెద్దాయన మంచం మీద కూర్చుని ఉంటే కెమెరా పైనుంచి పెట్టారు. ఆయన తల ఎత్తలేడు, మాకేమో తల ఎత్తి మాట్లాడమనాలి. ట్రైపాడ్ తీసేసి కెమెరాని నేల మీద పెట్టించాను. ఇంటర్వ్యూ అయ్యాక ఆయన అడిగాడు, "ఎంతమందొచ్చి తీస్కపోయిండ్రు బిడ్డా. ఏం జేస్తరు మీరు గివి?" నా దగ్గర జవాబు లేదు. నీళ్ల సీసా ఇవ్వబోయి, అదీ సిగ్గనిపించి, మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాను.

డాక్టరువా, విలేకరివా అన్న ప్రశ్న మా న్యూస్‌రూంలో తరచూ వచ్చేది. 2003లో ఇరాక్ యుద్ధానికి రిపోర్టింగుకి వెళ్లిన సీఎన్ఎన్ డాక్టర్ సంజయ్ గుప్తా అక్కడే ఒక పసివాడి తలకి ఆపరేషన్ చేశాడు, ఆ బిడ్డ దక్కలేదు. కెమెరా పక్కన పెట్టడం తప్పా ఒప్పా అని మేం టీలు తాగుతూ వాదించుకునేవాళ్లం. నాకు అంత పెద్ద పరీక్ష రాలేదు. చిన్నది ఒకటి వచ్చింది. షుగరు మీద లైవ్ నడుస్తుండగా కరీంనగర్ నుంచి ఒకాయన, ఎడమ చెయ్యి గుంజుతోంది, చెమటలు పడుతున్నాయి, గ్యాస్ అనుకుని గోలీ వేసుకున్నాను, షుగరుకి ఏమైనా సంబంధమా అని అడిగాడు. ఫోన్ పెట్టేసి వెంటనే 108కి చెయ్యండి, నడవకండి, పక్కింటివాళ్లని పిలవండి అన్నాను. ఆయన మొహమాటపడుతూ ఇంకో ప్రశ్న ఉంది మేడమ్ అంటున్నాడు. లైను నేనే కట్ చేయించాను. ఇయర్‌పీస్‌లో "మేడమ్, మంచి కాల్ పోగొట్టారు" అన్నారెవరో. ఆయన ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. ఎప్పుడైనా అర్ధరాత్రి మెలకువ వస్తే ఆ మొహమాటపు గొంతు వినిపిస్తుంది.

జూన్ వస్తే చేప ప్రసాదం. మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఆయాసంతో ఈలలేస్తున్న ఛాతీలు వేలకొద్దీ వరసల్లో. నోట్లో బతికున్న కొర్రమీను పిల్ల, దాని మీద పసుపుపచ్చ మందు ముద్ద. ఆ మందు వేసే బత్తిని కుటుంబం వారిని తిట్టమని ఒక వర్గం, పొగడమని ఒక వర్గం నన్ను అడిగేవి. నేను వరసలో ఉన్నవాళ్లనే అడిగేదాన్ని, పోయినేడు వచ్చారా, ఇన్‌హేలర్ వాడుతున్నారా అని. వచ్చామనేవాళ్లే ఎక్కువ. ఇన్‌హేలర్ అంటే మాత్రం "అలవాటైపోతుందంట కదా" అని భయం. చేప మీద చర్చ చాలించి ఆ భయం మీద ఏటా పది నిమిషాలు చేశాను. చేప విజువల్స్ ఉన్న బులెటిన్‌కే టీఆర్పీ వచ్చేదనుకోండి, దాన్ని దాచడం దేనికి.

వదిలేసిన కారణం పెద్ద కథ కాదు. పొద్దుటి ఆరోగ్య స్లాట్లు మెల్లగా అమ్మకానికి వెళ్లాయి. ఒక ఆస్పత్రి గంట కొనుక్కుంటుంది, వాళ్ల డాక్టరు కూర్చుంటాడు, కింద వాళ్ల ఫోన్ నంబరు స్క్రోలింగ్, నేను ప్రశ్నలడగాలి. మోకాలి నొప్పి అన్న ప్రతి ఫోనుకీ ఒకటే సమాధానం, ఒకసారి వచ్చి కలవండి. ఒక రోజు నేను నవ్వు ఆపుకోలేక, "బరువు తగ్గితే చాలదాండీ?" అని లైవ్‌లో అడిగాను. మరుసటి వారం నుంచి నా కార్యక్రమం రాత్రి పదకొండున్నరకి మారింది. ఆ వేళప్పుడు చూసేది నిద్ర పట్టనివాళ్లే కాబట్టి కొన్నాళ్లు నిద్రలేమి మీద చేశాను. తర్వాత రాజీనామా ఇచ్చాను. 2013 అది.

కోవిడ్ రెండో విడతలో, 2021 వేసవిలో, కాలనీ వాట్సాప్ గ్రూపు వాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టమన్నారు. చాలాకాలం తర్వాత స్క్రిప్టు రాసుకున్నాను. ప్రోనింగ్ అన్న మాట కొట్టేసి "పసిపిల్లలు పడుకున్నట్టు బోర్లా పడుకోండి" అని రాశాను. ఆక్సిజన్ శాచురేషన్ కొట్టేసి "వేలికి పెట్టే క్లిప్పులో అంకె 94 కన్నా తగ్గితే ఇంట్లో ఉండొద్దు" అని. ఆ మేలోనే కృష్ణపట్నం ఆనందయ్య మందు గోల. ప్రభుత్వం కొన్ని మందులకి అనుమతిచ్చింది గానీ కంట్లో వేసే చుక్కలకి ఇవ్వలేదు. మా బంధువుల్లో సగం మంది ఫోన్ చేసి "ఒక్క మాట చెప్పు, వాడొచ్చా?" అని అడిగారు. కంట్లో ఏదీ వేసుకోవద్దు, మాస్కు తియ్యొద్దు, క్లిప్పు చూసుకోండి అన్నాను. "నువ్వు టీవీలో కూడా ఇంతే, సూటిగా చెప్పవు" అని మా పిన్ని విసుక్కుంది.

రైతుబజారు నుంచి వచ్చిన రోజు సాయంత్రం మనవరాలి దగ్గు మందు మూత కనిపించింది, మిల్లీలీటర్ల గీతలున్నది. బుద్ధి పుట్టి ఇంగువ డబ్బాలోంచి చెంచా తీసి, నిండా నీళ్లు పట్టి మూతలో పోశాను. టీస్పూను అంటే ఐదు మిల్లీలీటర్లు. మళ్లీ పోశాను. మూడోసారి మా ఆయన్ని కళ్లద్దాలు పెట్టుకుని చూడమన్నాను.

నాలుగు దాటి కొంచెం. నాలుగున్నర కూడా లేదు.

"ఉప్పు తక్కువే పడుంటుందిలే, ఏం కాదు" అన్నారాయన.

"మరి పంచదార?" అన్నాను. అదీ తగ్గింది కదా అదే పాళ్లలో, అన్నారు. కాగితం తీసుకుని లెక్క వేశాను, లీటరుకు. ఆయన చెప్పింది నిజమే. అయినా చెంచా కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టేటప్పుడు మళ్లీ ఒకసారి అంచు వంపు చూసుకున్నాను, ఇది అప్పుడే ఇలా ఉండేదా, తర్వాత వంగిందా అని.